సర్టిఫికెట్ల ఫోల్డర్ నిండింది, ఇంటర్వ్యూలో మాత్రం నోరు పెగల్లేదు

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు, ఇక్కడ కుదించి ఇస్తున్నాను. వయసు ముప్పైకి దగ్గర పడుతోంది. చదివింది సైన్సు డిగ్రీ. నాలుగేళ్లుగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక కంపెనీలో కస్టమర్ సపోర్ట్‌లో ఉన్నారు. రోజంతా ఫోన్‌లోనూ చాట్‌లోనూ కస్టమర్ల గోడు విని, దారి చెప్పి, సర్దిచెప్పే పని. జీతం ఫర్వాలేదు, పైకి వెళ్లే మెట్టు మాత్రం కనబడటం లేదు. మార్కెటింగ్‌లోకి మారాలని ఏడాదిన్నర నుంచీ ఉంది. రాత్రిళ్లు కూర్చుని ఉచితంగా దొరికిన ఆన్‌లైన్ కోర్సులు ఒకదాని తర్వాత ఒకటి పూర్తిచేశారు, సర్టిఫికెట్లన్నీ రెజ్యూమెలో పెట్టారు, ఎట్టకేలకు ఒక చిన్న ఏజెన్సీ నుంచి పిలుపొచ్చింది. "మీరు నడిపిన ఏదైనా ఒక క్యాంపెయిన్ గురించి చెప్పండి. ఏమనుకుని మొదలుపెట్టారు, చివరికి ఏమైంది?" అని అడిగారు. నోరు పెగల్లేదు.

ఆ దిగులులో ఉండగానే ఫోన్‌లో ఒక ప్రకటన కనబడింది. ఉచిత వెబినార్. రెండు గంటలు విన్నాక చివర్లో ఆరు నెలల కోర్సు గురించి చెప్పారు, ఉద్యోగం గ్యారంటీ అన్నారు. ఫీజు ఈవిడ ఐదారు నెలల జీతమంత. ఒకేసారి కట్టలేకపోతే ఈఎంఐ ఉందన్నారు, ఆదివారం రాత్రి లోపు కడితే తగ్గింపు అన్నారు. ఫోన్ మీద ఫోన్ వస్తుంటే కాదనలేక సీటు కోసం కొంత అడ్వాన్స్ కట్టేశారు, అది తిరిగి ఇవ్వరట. మిగతాది అమ్మ దాచుకున్న డబ్బులోంచి తీయాలి, అమ్మకి ఇంకా చెప్పలేదు. అన్నయ్యకి చెబితే "ఎంబీఏ లేకుండా మార్కెటింగ్‌లో నిన్నెవరు తీసుకుంటారు, చేస్తే డిగ్రీయే చెయ్, లేదంటే ఉన్న ఉద్యోగం చేసుకో" అన్నారు. స్నేహితురాలేమో "అంతా యూట్యూబ్‌లో ఫ్రీగా ఉంటే డబ్బెందుకు తగలేస్తావు" అంటోంది. "ముగ్గురూ మూడు వైపులకి లాగుతున్నారు. నాకు ఎంబీఏ లేదు, డబ్బు లేదు, అనుభవం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్క మాట చెప్పండి" అని ముగించారు. మధ్యలో ఎక్కడో, పెద్దగా పట్టించుకోకుండా ఇంకో వాక్యం కూడా రాశారు: "మా కంపెనీ వెబ్‌సైట్‌లో రాసే మాటలు వేరు, మాకు ఫోన్ చేసేవాళ్లు మాట్లాడే మాటలు వేరు, అది చదివి మా సపోర్ట్ టీమ్ అంతా నవ్వుకుంటాం." దీని దగ్గరికి తర్వాత వస్తాను, ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

ఆదివారం గడువు గురించి ముందు మాట్లాడుకుందాం. అది నెత్తి మీద ఉన్నంతసేపూ నేనేం చెప్పినా మీ చెవికెక్కదు. ఇవాళ రాత్రి ఒక పని చేయండి. మీ ఫోన్‌లో కాకుండా వేరే కంప్యూటర్‌లోనో, లేదా బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచో ఆ కోర్సు పేజీకి వెళ్లండి. 'ఇంకా ఇన్ని గంటలే' అంటూ అంకెలు తగ్గుతూ ఉంటే, అవి మీకు మొదటిసారి కనబడిన అంకె నుంచే మళ్లీ మొదలయ్యాయేమో చూడండి. కొన్ని పేజీల్లో ఆ గడియారాన్ని వచ్చిన ప్రతి మనిషికీ కొత్తగా మొదలయ్యేలా పెడతారు. అలా ఉంటే అది మీకోసం తయారుచేసిన ఆదివారం. అలా లేకపోయినా కంగారు పడక్కర్లేదు, వచ్చే బ్యాచ్‌కి ఇంకో పేరుతో ఇంకో తగ్గింపు రాకుండా పోయే అవకాశం చాలా తక్కువ.

ఎలాగూ పేజీ తెరిచారు కాబట్టి, ఒక కాగితం తీసుకుని మీకు జరిగిందంతా వరసగా రాయండి. ప్రకటన ఎక్కడ కనబడింది, దాంట్లో మొదటి వాక్యం ఏంటి, అది మీలోని ఏ భయాన్ని పట్టుకుంది? (నా అంచనా, 'మీ వయసు వాళ్లంతా ముందుకెళ్లిపోతున్నారు' అనే భయం.) వెబినార్ ఉచితమన్నారు గానీ చేరడానికి ఫోన్ నంబరు అడిగారు కదా, అక్కడ మీరు వాళ్ల లెక్కలో ఒక 'లీడ్', అంటే కొనే అవకాశమున్న మనిషి, అయ్యారు. వెబినార్ తర్వాత ఎన్ని మెయిల్స్ వచ్చాయి, ఏ రోజు ఏ మెయిల్, ఏ సబ్జెక్ట్ లైన్‌తో? అవన్నీ మీ ఇన్‌బాక్స్‌లో ఇంకా ఉంటాయి, తీసి వరసగా పెట్టండి. చిన్న అడ్వాన్స్ ఎందుకు అడిగారు? ఒకసారి కొంచెం కట్టిన మనిషి మిగతాది కట్టడానికి సగం సిద్ధపడిపోతాడు కాబట్టి. తర్వాత మెటా యాడ్ లైబ్రరీకి వెళ్లండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రస్తుతం ఎవరు ఏ ప్రకటనలు నడుపుతున్నారో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఆ సంస్థ పేరు కొడితే వాళ్ల ప్రకటనలూ, ఒక్కోటి ఏ తేదీన మొదలైందీ కనబడతాయి. నాలుగు రోజుల కిందటే మొదలైనవి కొన్నుంటాయి, నెలల తరబడి నడుస్తున్నవి ఒకటో రెండో ఉంటాయి. నష్టం వచ్చే ప్రకటన మీద నెలల తరబడి ఎవరూ డబ్బు పోయరు, కాబట్టి ఆ ఒకటి రెండే వాళ్లకి పని చేస్తున్నవని అనుకోవచ్చు. వాటి మీద మీ అభిప్రాయం రాయండి. గూగుల్ ప్రకటనలకి కూడా ఇలాంటిదే, యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ అని 2023 నుంచి ఉంది.

ఆ సంస్థ మోసం చేస్తోందని నేను అనడం లేదు, ఆ మాట అనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. వాళ్లు మార్కెటింగ్ చేశారు, బాగానే చేశారు, మీ మీద పనిచేసింది కూడా. కానీ ఆ కాగితం పూర్తయ్యేసరికి మీ చేతిలో మీరు స్వయంగా రాసిన ఒక విశ్లేషణ ఉంటుంది. ఆ ఇంటర్వ్యూలో "నేను నడిపింది ఇంకా ఏమీ లేదు గానీ, నా మీద నడిచిన ఒక క్యాంపెయిన్‌ని ఇలా విప్పి చూశాను" అని ఆ కాగితం ముందు పెట్టి ఉంటే, ఎదుటివాళ్లు కుర్చీ కాస్త ముందుకి జరుపుకునేవారు.

ఇక అడ్వాన్స్. తిరిగి ఇమ్మని మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి, అడిగితే పోయేదేం లేదు. ఇవ్వకపోతే అది పోయిన డబ్బే. అది కట్టాను కాబట్టి మిగతాదీ కట్టాలి అనే లెక్క మాత్రం వేయకండి. మీ ముందున్న ప్రశ్న ఒక్కటే: అడ్వాన్స్ సంగతి అసలు లేదనుకుంటే, మిగతా మొత్తం పెట్టి ఈ కోర్సు కొంటారా? కొంటాను అనే జవాబు కూడా తప్పేం కాదు. డబ్బు కట్టిన కోర్సుల్లో నిజంగా దొరికేవి కొన్ని ఉన్నాయి. ఫలానా రోజు ఫలానా టైముకి కూర్చోవాలనే కట్టుబాటు, తోటివాళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా మీరు రాసింది చూసి "ఇది బాగాలేదు, ఎందుకంటే" అని చెప్పే మనిషి. ఈ మూడోది ఉచిత వీడియోల్లో దొరకదు. అందుకే అవతల ఫోన్ చేసే కౌన్సెలర్‌ని ఇవే అడగండి: పాఠం చెప్పేది ఎవరు, ఇప్పటికీ ఎవరికైనా క్యాంపెయిన్లు నడుపుతున్నారా? నా పనిని ఎవరు దిద్దుతారు, వారానికి ఎన్నిసార్లు? నిజమైన బడ్జెట్ ఉన్న యాడ్ అకౌంట్‌లో నా చేత చేయిస్తారా, లేక స్క్రీన్‌షాట్లు చూపిస్తారా? పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్లలో ఇద్దరు ముగ్గురితో, మీరు ఎంచిన వాళ్లతో కాకుండా నేను ఎంచుకున్న వాళ్లతో మాట్లాడొచ్చా? ఉద్యోగం గ్యారంటీ అన్నది అగ్రిమెంట్‌లో ఏ మాటల్లో ఉంది? నోటితో గ్యారంటీ అన్నది కాగితం మీదికి వచ్చేసరికి 'సహాయం' అయిపోవడం, ఫలానా హాజరు, ఫలానా మార్కులు ఉంటేనే అనే షరతులు చేరడం మామూలే. ఈఎంఐ కాగితాలు మాత్రం రెండుసార్లు చదవండి. అప్పు ఇచ్చేది చాలాసార్లు కోర్సు సంస్థ కాదు, వేరే ఫైనాన్స్ కంపెనీ. అప్పుడు మీరు రెండో నెల్లో కోర్సు మానేసినా అప్పు మానదు.

సిలబస్ పాతదో కొత్తదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన చిన్న పరీక్షలు కొన్ని ఉన్నాయి, ఉచిత కోర్సులకీ ఇవే వాడొచ్చు. 'గూగుల్ యాడ్‌వర్డ్స్' అని రాసి ఉంటే, ఆ పేరు 2018లోనే గూగుల్ యాడ్స్‌గా మారింది. 'యూనివర్సల్ ఎనలిటిక్స్' (సైట్‌కి ఎవరొచ్చారో, ఏం చేశారో లెక్క చూపే గూగుల్ సాధనం) నేర్పిస్తామంటే, మామూలు అకౌంట్లకి అది 2023 జులై 1తో ఆగిపోయింది, ఇప్పుడున్నది గూగుల్ ఎనలిటిక్స్ 4. ఈమెయిల్ పాఠంలో ఓపెన్ రేటే (మెయిల్ తెరిచినవాళ్ల శాతం) ప్రాణం అని చెబుతుంటే, 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో ప్రైవసీ ఏర్పాటు తెచ్చాక ఆ అంకె మీద నమ్మకం బాగా తగ్గిందన్న సంగతి వాళ్ల దాకా రాలేదన్నమాట. ఇవి చూసి కోర్సు మొత్తం పనికిరాదని తేల్చేయకండి, కానీ ఆర్నెల్ల జీతం అడిగేవాళ్లు ఆ మాత్రం దుమ్ము దులిపి ఉండాలి కదా.

మీ స్నేహితురాలు చెప్పింది సగం నిజం. పాఠాలు నిజంగానే ఉచితం. గూగుల్ స్కిల్‌షాప్‌లో గూగుల్ యాడ్స్, ఎనలిటిక్స్ కోర్సులూ సర్టిఫికెట్లూ ఉచితం. హబ్‌స్పాట్ అకాడమీలో ఇన్‌బౌండ్, కంటెంట్, ఈమెయిల్ మార్కెటింగ్ ఉచితం. మెటా బ్లూప్రింట్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికేషన్ పరీక్షకి మాత్రం ఫీజు. కోర్సెరాలో గూగుల్ వాళ్ల డిజిటల్ మార్కెటింగ్, ఈ-కామర్స్ సర్టిఫికెట్ ఉంది, కట్టలేనివాళ్లు ఆర్థిక సాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీరు వీటిలో చాలావరకు చేసేశారని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. అయితే స్కిల్‌షాప్ పరీక్ష తప్పితే మర్నాడు మళ్లీ రాయొచ్చు, పాసైనా ఆ సర్టిఫికెట్ ఏడాదే చెల్లుతుంది. ఈ సంగతి మీకంటే ఉద్యోగం ఇచ్చేవాళ్లకి బాగా తెలుసు. వాళ్ల దృష్టిలో ఆ కాగితానికి అర్థం, ఈ మనిషికి పదాలు తెలుసు అని మాత్రమే. మీ రెజ్యూమెలో పదాలు సరిపడా ఉన్నాయి. కాబట్టి ఇంకో ఆర్నెల్లపాటు ఇలాంటి ఉచిత కోర్సులు కొత్తగా మొదలుపెట్టొద్దు. కోర్సు పూర్తయిన రోజు ఏదో సాధించినట్టు ఉంటుంది, ఆ తృప్తి మంచిదే గానీ అసలు పని మొదలుపెట్టకుండా ఉండటానికి అంతకంటే మర్యాదైన సాకు ఇంకోటి ఉండదు.

మీకు లేనిది, ఏజెన్సీ వాళ్లు అడిగింది, ఒకే ఒక కథ. ఇది జరుగుతుందనుకున్నాను, ఇది చేశాను, అంకె ఇంత నుంచి ఇంతకి వచ్చింది లేదా రాలేదు, ఎందుకు రాలేదో నా ఊహ ఇది. దాన్ని సంపాదించుకునే దారులు నాకు మూడు కనిపిస్తున్నాయి, మూడింటికీ వేర్వేరు ఇబ్బందులున్నాయి.

మొదటిది మీ సొంతంగా ఏదో ఒక చిన్నది పెట్టడం. బ్లాగు కావచ్చు, వారానికో ఈమెయిల్ లెటర్ కావచ్చు, ఎవరికైనా పనికొచ్చే ఒక్క పేజీ కావచ్చు. దానికి సెర్చ్ కన్సోల్ తగిలిస్తే జనం ఏ మాటలు వెతికి మీ పేజీ దాకా వచ్చారో ఉచితంగా తెలుస్తుంది. మీరు పంచుకునే ప్రతి లింక్ వెనక యూటీఎమ్ ట్యాగులు పెడితే, అంటే ఎక్కడి నుంచి, ఏ మార్గంలో, ఏ క్యాంపెయిన్ వల్ల అని మూడు ముక్కలు తగిలిస్తే, వచ్చిన మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో ఎనలిటిక్స్‌లో విడివిడిగా కనబడుతుంది. ఇంకా సైటే లేదంటారా, మామూలు గూగుల్ అకౌంట్ ఉంటే చాలు, గూగుల్ తన మర్చండైజ్ స్టోర్ డేటాతో ఉన్న డెమో అకౌంట్‌ని ఎవరినైనా చూడనిస్తుంది. నిజమైన దుకాణం, నిజమైన అంకెలు. రోజూ కాసేపు దాంట్లో తిరుగుతూ ఒక్కో ప్రశ్న వేసుకుని జవాబు వెతకండి, ఫోన్‌లో వచ్చినవాళ్లు కొనకుండా ఎక్కడ వెళ్లిపోతున్నారు, అలాంటివి. ఈ దారిలో చిక్కేమిటంటే ఎవరూ మిమ్మల్ని అడగరు. మానేసినా అడగరు. రెండు నెలల్లో నీరసపడే ప్రమాదం ఎక్కువ, ఇంకో మనిషితో కలిసి చేస్తే కాస్త నిలబడుతుంది.

ప్రకటనల మీద సొంత డబ్బు పెట్టి నేర్చుకోవాలనుకుంటే, పోతే బాధపడని మొత్తం మాత్రమే పెట్టండి. ఒక హెచ్చరిక కూడా. గూగుల్ యాడ్స్‌లో మీరు పెట్టే రోజువారీ బడ్జెట్ అంటే సగటు. ఒక్కో రోజు దానికి రెట్టింపు దాకా ఖర్చు చేయొచ్చు, నెల మొత్తం మీద మాత్రం రోజు బడ్జెట్‌కి 30.4 రెట్లు దాటదు. ఇది తెలియక రెండో రోజే టెన్షన్ పడి అన్నీ ఆపేసేవాళ్లు చాలామంది. ఇంకోటి, వెయ్యిసార్లు కనబడితే 20 క్లిక్కులు వచ్చాయనుకోండి, సీటీఆర్, అంటే కనబడినన్నిసార్లలో ఎన్నిసార్లు క్లిక్ చేశారన్నది, 2 శాతం. ఆ ఇరవైలో ఒకరు ఫారం నింపారు, కన్వర్షన్ రేటు (క్లిక్ చేసినవాళ్లలో మనం కోరుకున్న పని చేసినవాళ్లు) 5 శాతం. బాగుంది అనిపిస్తుంది. ఆ ఒక్కరూ ఆ రోజు పనిలో పడి నింపకపోతే అది సున్నా. ఇరవై క్లిక్కుల మీద ఏ తీర్పూ చెప్పకండి. "ఇంత చిన్న అంకె మీద నేను తేల్చలేను, ఇంకెన్ని కావాలో ఇదిగో" అని చెప్పగలగడం, తెలుసా, ఇంటర్వ్యూలో చాలా మంచి జవాబు.

రెండో దారి ఎవరైనా స్వచ్ఛంద సంస్థకి చేసిపెట్టడం. గూగుల్ యాడ్ గ్రాంట్స్ అని ఒక పథకం ఉంది. అర్హత ఉన్న లాభాపేక్ష లేని సంస్థలకి నెలకి 10,000 డాలర్ల విలువ దాకా గూగుల్ సెర్చ్ ప్రకటనలు ఉచితంగా ఇస్తుంది. దాన్ని చూసుకునే మనిషి లేక వృథాగా వదిలేసే సంస్థలుంటాయి. మీకు తెలిసిన సంస్థ ఏదైనా ఉంటే అడిగి చూడండి. ఇందులో నేర్చుకోవడానికి ఇంకో లాభం ఉంది, నిబంధనలు కాస్త గట్టివి. ఖాతా మొత్తం మీద నెలకి కనీసం 5 శాతం సీటీఆర్ ఉండాలి, వరసగా రెండు నెలలు తగ్గితే ఖాతా ఆపేయొచ్చు. గూగుల్ ఇచ్చే నాణ్యత స్కోరు పదికి రెండో అంతకంటే తక్కువో ఉన్న కీవర్డ్‌లు (ఏ మాటలు వెతికితే మన ప్రకటన రావాలో ఆ మాటలు) ఉంచకూడదు. ఒక్క పదం కీవర్డ్‌లు, కొన్ని మినహాయింపులు పోను, పనికిరావు. అంటే అలసటగా ఉంటే ఏదో ఒకటి పెట్టేసి వదిలేయడం కుదరదు. రెస్పాన్సివ్ సెర్చ్ ప్రకటన (మనం ఇచ్చిన ముక్కల్ని గూగులే కలిపి చూపించే రకం) ఒకటి రాయాలంటే 30 అక్షరాల లోపు హెడ్‌లైన్లు 15 దాకా, 90 అక్షరాల లోపు వివరణలు నాలుగు దాకా ఇవ్వొచ్చు. కూర్చుని పదిహేను రాసి చూడండి. మొదటి ఐదు ఎవరైనా రాస్తారు, ఆరోది నుంచి చెప్పిందే చెబుతుంటాం, పదో దాని దగ్గర ఈ సంస్థ అసలు ఎవరికి ఏం చేస్తోందో మనకి సరిగా తెలియదని అర్థమవుతుంది. అప్పుడు లేచి వెళ్లి వాళ్లని అడుగుతాం. ఏ వీడియో చెప్పని పాఠం అది. ఇబ్బంది ఏమిటంటే ఉచితంగా చేసేవాళ్ల మీద పనులు పేరుకుపోతాయి, పోస్టర్ చేసిపెట్టమంటారు, ఫోటోలు తీయమంటారు. మూడు నెలలు, ఈ ఒక్క పని, అని మొదట్లోనే చెప్పేయండి, చివర్లో అంకెలు నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకుంటాను అని కూడా ముందే అడగండి.

మూడో దారి మీరిప్పుడు కూర్చున్న కుర్చీ. నా మొగ్గు ఇటే, దాచుకోవడం ఎందుకు.

అనుభవం లేదని రాశారు. నాలుగేళ్లు రోజూ కస్టమర్లు తమ మాటల్లో తమ బాధ చెబుతుంటే విన్నారు. మార్కెటింగ్ వాళ్లు సర్వేలు పెట్టి, ఇంటర్వ్యూలు చేసి, డబ్బు ఖర్చుపెట్టి వెతికేది సరిగ్గా ఈ మాటల కోసమే. వెబ్‌సైట్ భాష చూసి నవ్వుకుంటామన్నారే, ఆ నవ్వు వెనకున్నది నైపుణ్యం. ఉదాహరణకి మీ సైట్‌లో 'ఆటోమేటెడ్ రీకన్సిలియేషన్' అని ఉంటుందనుకుందాం, ఫోన్ చేసే మనిషేమో "నిన్న రాత్రి చూసుకున్న లెక్క పొద్దున్నకి ఎందుకు మారిందండీ" అంటాడు. అతను గూగుల్‌లో వెతికేది కూడా ఇంచుమించు అలాగే. ఆ మాట మీ సైట్‌లో ఎక్కడా లేకపోతే మీ సైట్ అతనికి దొరకదు.

చేయాల్సింది చిన్నదే. గత రెండు నెలల టికెట్లు, అంటే కస్టమర్ల ఫిర్యాదుల నమోదులు, తీసి, ఎక్కువసార్లు వచ్చిన ఒక్క ప్రశ్నని పట్టుకోండి. దాన్ని వాళ్లు ఎన్ని రకాలుగా అడిగారో, వాళ్ల మాటల్లోనే, పేర్లూ వివరాలూ తీసేసి, ఒక షీట్‌లో ఎక్కించండి. వారానికి ఆ ప్రశ్న సగటున ఎన్నిసార్లు వస్తోందో రాసిపెట్టుకోండి, తర్వాత పోల్చుకోవడానికి ఈ అంకె లేకపోతే మొత్తం శ్రమ గాలికి పోతుంది. ఇప్పుడు దానికి ఒక సహాయ పేజీ రాయండి, శీర్షికలో వాళ్ల మాటే ఉంచండి. లేదా కొత్తగా చేరిన కస్టమర్‌కి మూడో రోజున వెళ్లే ఒక ఈమెయిల్ రాయండి. మీ మార్కెటింగ్ టీమ్‌లో ఎవరో ఒకరికి చూపించి, "ఇది పెట్టి చూద్దామా, ఆరు వారాల తర్వాత టికెట్లు తగ్గాయో లేదో నేను లెక్క చూస్తాను" అనండి. ఈ 'లెక్క నేను చూస్తాను' అన్నదాన్ని సాధారణంగా ఎవరూ కాదనరు. ఈమెయిల్ దారి పట్టుకుంటే పంపే వ్యవస్థ గురించి కూడా కొంచెం తెలుసుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి, జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5,000కి పైగా మెయిల్స్ పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ కంపెనీ నుంచే వచ్చిందని రుజువు చేసే ఏర్పాట్లు) మూడూ ఉండాలని, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని, ప్రచార మెయిల్స్‌లో ఒక్క క్లిక్‌తో చందా మానుకునే వీలుండాలని గూగుల్ నిబంధన పెట్టింది. మీ టీమ్‌లో దీన్ని ఎవరు చూసుకుంటున్నారో అడగండి, ఎవరూ చూసుకోకపోతే మీకో పని దొరికినట్టే.

ఈ దారిలో కష్టాలూ ఉన్నాయి. మీ మేనేజర్‌కి తెలియకుండా చేస్తే తర్వాత మాట వస్తుంది, చెప్పి చేస్తే "ఓహో, వెళ్లిపోదామనుకుంటున్నావా" అనొచ్చు. టికెట్లు తగ్గించే పని అని చెబితే అది ఆయనకీ లాభమే, అక్కడి నుంచి మొదలుపెట్టండి. మార్కెటింగ్ వాళ్లు మీ షీట్ తీసుకుని వాళ్ల పేరు పెట్టుకోవచ్చు, అది చాలాచోట్ల జరుగుతుంది, అందుకే మెయిల్‌లో పంపండి, తేదీతో సహా ఉంటుంది. కంపెనీ అంకెలు బయట ఇంటర్వ్యూల్లో చూపించడానికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే శాతాలు చెప్పొచ్చా అని అడగండి. అదీ కాదంటే ఏం చేశారో చెప్పి అంకెలు వదిలేయండి. ఇన్ని చేసినా ఆ టీమ్‌లో ఖాళీ లేకపోవచ్చు. అప్పుడు కూడా మీకు కథ మిగులుతుంది, దాన్ని పట్టుకుని బయటికి వెళ్లొచ్చు.

అన్నయ్య గారి మాట కొట్టిపారేయను. పెద్ద వినియోగ వస్తువుల కంపెనీల్లో బ్రాండ్ మేనేజర్ లాంటి ఉద్యోగాలకి నేరుగా బిజినెస్ స్కూళ్ల నుంచే ఎక్కువగా తీసుకుంటారు, ఆ తలుపు ఎంబీఏ లేకుండా తెరుచుకోవడం కష్టం. మీకు అక్కడికే వెళ్లాలని ఉంటే ఎంబీఏ గురించి ఆలోచించాల్సిందే, దానికయ్యే డబ్బూ రెండేళ్ల జీతం పోవడమూ కలిపి లెక్క వేసుకుని. ఏజెన్సీలు, చిన్న కంపెనీలు, సాఫ్ట్‌వేర్ ప్రొడక్టుల్లో కంటెంట్, ఈమెయిల్, సెర్చ్ ప్రకటనల ఉద్యోగాల్లో మాత్రం ఆ డిగ్రీ లేదనే ఒక్క కారణంతో ఆగిపోవడం తక్కువ. మీ విషయంలోనే చూడండి, ఆ ఏజెన్సీ మీకు ఎంబీఏ లేదని తెలిసే పిలిచింది. మీరు ఆగింది తర్వాతి ప్రశ్న దగ్గర. అన్నయ్యతో వాదన పెట్టుకోకుండా, ఎంబీఏ చేయాలా వద్దా అన్నది ఇంకో ఏడాది తర్వాత ఆలోచిస్తానని చెప్పి వదిలేయొచ్చు, అది అబద్ధం కూడా కాదు.

అమ్మకి మాత్రం ఈ వారమే చెప్పండి, కోర్సు కట్టినా కట్టకపోయినా. అడ్వాన్స్ పోయిన సంగతి తర్వాత ఎవరి ద్వారానో తెలిస్తే, ఆ డబ్బు కంటే మీరు దాచారన్నదే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఆదివారం కౌన్సెలర్ మళ్లీ ఫోన్ చేస్తారు. నేనడగమన్న ప్రశ్నలు ముందు మెయిల్ చేయండి, జవాబు రాతలో వచ్చేదాకా కట్టనని చెప్పండి, గడువు దాటిపోయినా సరే. నిజంగా మంచి జవాబులొస్తే, మీ పనిని దిద్దే మనిషి అక్కడ ఉన్నాడని నమ్మకం కుదిరితే, అప్పు లేకుండా కట్టే దారి ఉంటే, అప్పుడు చేరండి. జవాబులు రాకపోతే ఆ మెయిల్ కూడా మీరు మొదట రాసిన కాగితం కిందే అతికించండి, కస్టమర్ గట్టిగా నిలదీసినప్పుడు వాళ్ల దారి ఎక్కడ తెగిపోయిందో అందులో తెలుస్తుంది. సోమవారం ఆఫీసుకి వెళ్లగానే టికెట్లు తీయండి.